అమ్మ వ్రతాల నోటుబుక్కు, క్యాసెట్లు, గోడ క్యాలెండర్లు: సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయడం ఎలా?

బాపట్ల_పెరంబూరు:

అందరికీ నమస్కారం. అమ్మ కిందటి నవంబరులో పోయింది. విశ్వావసు నామ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి. సంవత్సరీకం నాటికి ఆవిడ గురించి ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకీ, బాపట్లలో ఆవిడతో కలిసి పారాయణ చేసినవాళ్లకీ ఇవ్వాలని అక్కా నేనూ అనుకుంటున్నాం. మేం చెన్నైలో ఉంటాం. నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. 78 ఏళ్లు, చూపు తగ్గింది గానీ జ్ఞాపకం బాగానే ఉంది.

మా దగ్గరున్నవి ఇవి. మంగళహారతులు, వ్రతకథలు, నైవేద్యాల కొలతలు రాసుకున్న లాంగ్ నోటుబుక్కు ఒకటి. సగం ఇంకు పెన్నుతో, సగం పెన్సిల్‌తో రాసింది. నూనె, పసుపు మరకలున్నాయి, అంచులు పురుగు కొట్టింది. ఆవిడ పాడిన పాటల క్యాసెట్లు కొన్ని ఉన్నాయి, ఒకదానికి లోపల తెల్లటి బూజు పట్టింది. రామకోటి పుస్తకాలున్నాయి, చివరిది సగంలో ఆగింది. తొంభైల నుంచి దాచిన గోడ క్యాలెండర్లున్నాయి. వాటి గడుల్లో పాల లెక్కలతో పాటు చిన్న చిన్న మాటలు రాసింది. రథసప్తమి గడిలో ఏటా "పాలు తూర్పు", "పాలు ఈశాన్యం" అని ఉంటుంది.

పుట్టినతేదీ దగ్గర కూడా ఒక చిక్కుంది. స్కూలు సర్టిఫికెట్లో 1-7-1954. అమ్మమ్మ చెప్పేది మాత్రం విజయ నామ సంవత్సరం, శ్రావణమాసం.

బంధువుల చేత రాయించిన పేజీలన్నీ "అనురాగమూర్తి", "పరమ భక్తురాలు" అన్న మాటలతోనే నిండిపోయాయి. తప్పని కాదు, కానీ అందులో అమ్మ కనబడటంలేదు. ఏం రాయాలి, పాతవాటిని ఎలా కాపాడాలి, తెలుగు పుస్తకం చెన్నైలో అచ్చువేయిస్తే ఏం చూసుకోవాలి, చెప్పగలరా?

అచ్చుగది:

మీ పుస్తకం ఆ క్యాలెండర్లలో ఉంది. ముందు వాటిని పట్టుకోండి.

అమ్మ ఎంత గొప్పదో రాయబోతే ఎవరి అమ్మ గురించైనా అవే మాటలు వస్తాయి. ఆవిడ ఏం చేసేదో రాయండి. ఏ తిథికి, ఎన్నింటికి, ఏ గిన్నెతో, ఎవరిని పిలిచి చేసేదో రాస్తే చాలు. భక్తురాలని మీరు వేరే చెప్పక్కర్లేదు. రథసప్తమి పేజీ ఇలా ఉండొచ్చు, మచ్చుకి: "మాఘ శుద్ధ సప్తమి. తల మీద ఏడు జిల్లేడాకులు, రేగుపండు పెట్టుకుని స్నానం. తులసికోట ముందు పిడకల మంట మీద పాలు. పొంగిన దిక్కు చూసి, ఆ పాలలోనే బియ్యం, బెల్లం వేసి పరమాన్నం. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి రథం. నైవేద్యం చిక్కుడాకుల్లో. క్యాలెండర్‌లో రాసిన దిక్కులు:" అని, కింద ఏడాదీ దిక్కూ వరసగా పెట్టండి. మీ ఇంట్లో జరగనివి తీసేయండి, జరిగినవి చేర్చండి. ఆ వరసలో ఏదో ఒక ఏడాది గడి ఖాళీగా ఉంటే దాన్ని వదలొద్దు. ఆ ఏడు ఏం జరిగిందో నాన్నగారిని అడగండి. మైలా, పురుడా, ఆసుపత్రా, ప్రయాణమా? సగం జీవితచరిత్ర ఆ ఖాళీ గడుల్లోనే దొరుకుతుంది.

పుస్తకాన్ని పుట్టుక, చదువు, పెళ్లి అన్న వరసలో కాకుండా ఉగాది నుంచి ఫాల్గుణం దాకా ఒక సంవత్సరంగా నడపండి. శ్రీరామనవమి పానకం, తొలిఏకాదశి పేలపిండి, శ్రావణ శుక్రవారాలు, ఉండ్రాళ్లతద్ది, అట్లతద్ది, నాగులచవితి, పోలిస్వర్గం, ధనుర్మాసం. బాపట్ల కాబట్టి కార్తీక పౌర్ణమికి సూర్యలంక సముద్రస్నానం, భావనారాయణస్వామి గుడి ఎలాగూ వస్తాయి. మిగతా జీవితం, అంటే పిల్లలు, జబ్బులు, ఇల్లు మారడం, ఆయా నెలల్లోకి దానంతటదే వచ్చి చేరుతుంది. అన్ని పండగలకీ సమానంగా పేజీలు పంచకండి. ఆవిడ దేన్ని ప్రాణంగా చూసేదో దానికి ఆరు పేజీలు ఇచ్చి, మొక్కుబడిగా చేసినదాన్ని రెండు వాక్యాల్లో సరిపెట్టండి.

తేదీల సంగతి. విజయ నామ సంవత్సరమంటే 1953 ఉగాది నుంచి 1954 ఉగాది ముందురోజు దాకా. శ్రావణం కాబట్టి 1953 ఆగస్టు, సెప్టెంబరుల్లో పడుతుంది. అదే పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో పుట్టి ఉంటే 1954లోకి వచ్చేది. చాలామంది ఇక్కడే ఒక ఏడాది తప్పు వేస్తారు. సర్టిఫికెట్లోని జులై 1 బడిలో చేర్చేటప్పుడు పంతుళ్లు అలవాటుగా వేసిన తేదీ. ఆ తరంలో ఇది ఇంటింటా ఉంటుంది. అమ్మమ్మ మాటే నమ్మదగ్గది. పుస్తకంలో రెండూ వేసి, ఏది ఎక్కడిదో చెప్పండి. ఇంకో సంగతి: ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. అంటే ఆవిడ పుట్టిన రోజున బాపట్ల మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. జిల్లా గుంటూరు. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. "బాపట్ల జిల్లాలో జన్మించారు" అని రాయకండి.

నాన్నగారిని "అది ఏ సంవత్సరం?" అని అడిగితే చెప్పలేకపోవచ్చు. "ఉప్పెనకి ముందా, తర్వాతా?" అని అడగండి. 1977 నవంబరు 19 ఆ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. పుష్కరాలు ఇంకా మంచి గుర్తు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. "ఏ పుష్కరాలకి అమ్మ ఎవరితో వెళ్లింది, అప్పటికి మేం ఏ క్లాసు?" అంటే చుట్టూ ఉన్న నాలుగైదు సంగతులు దొరుకుతాయి.

ఊళ్లోవాళ్లని కూడా "అమ్మ ఎలాంటివారండీ?" అని అడగొద్దు. "దేవతండీ" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "శుక్రవారం గుడికి ఎన్నింటికి వచ్చేవారు? ఎవరితో? చేతిలో ఏముండేది? పారాయణలో ఎక్కడ కూర్చునేవారు? ఎవరు తప్పు చదివితే ఏమనేవారు?" ఇవి అడగండి. పూలు అమ్మే ఆవిడని, గుళ్లో అర్చకుడిని, పాలుపోసే అతణ్ని వదలకండి. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, మొదట వాళ్ల పేరు, తేదీ చెప్పించండి. వాడుకోవచ్చా అని కూడా అక్కడే అడగండి.

మడి సంగతి కూడా ఉన్నదున్నట్టే రాయండి. దండెం మీద ఆరిన చీరని కర్రతో తీసుకునేదా, పిల్లలు తాకితే ఏమనేది, పనమ్మాయి ఎంతవరకు రావచ్చు, ఎప్పుడైనా ఆ పట్టు సడలిందా? అందులో ఎవరికైనా నొప్పి కలిగి ఉంటే దాన్ని దాచి పుస్తకం వేస్తే, చదివిన ఇంటివాళ్లకే నమ్మకం కుదరదు.

ఇక నోటుబుక్కులోవన్నీ అచ్చు వేయక్కర్లేదు. లలితాసహస్రనామం, వరలక్ష్మీవ్రతకథ ఏ కొట్లోనైనా దొరుకుతాయి. బయట అచ్చులో కనబడని హారతులు, కథలో ఆవిడ మార్చి చెప్పిన చోట్లు, కొలతలు, పేజీ అంచుల్లో రాసుకున్నవి, ఇవి మాత్రం వేయండి. స్పెల్లింగు దిద్దొద్దు. "మంగళం" బదులు "మంగలం" అని రాసి ఉంటే అలాగే ఉంచి, అవసరమైతే అడుగున ఒక మాట చెప్పండి.

టేపుపెట్టె:

కాగితాల గురించి, క్యాసెట్ల గురించి.

నోటుబుక్కుని లామినేషన్ చేయించొద్దు. వేడికి ఇంకు, నూనె పాకుతాయి, తర్వాత ఊడదీయడానికి ఉండదు. చిరుగులకి సెల్లోటేపు వద్దు, కొన్నేళ్లకి పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. తుప్పుపట్టిన పిన్నులుంటే మెల్లగా విప్పి తీసేయండి. పసుపు మరకలని సబ్బు నీళ్లతో తుడవాలనిపిస్తుంది, అస్సలు వద్దు. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పారాణిలో సున్నం చేసే పని ఇదే. పైగా ఇంకు అక్షరాలు నీళ్లకి కొట్టుకుపోతాయి. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

పురుగు ఇంకా బతికి ఉందో లేదో తెలియదు కాబట్టి, నోటుబుక్కుని జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు. వెంటనే విప్పితే చెన్నై గాలిలోని తేమంతా చల్లటి కాగితం మీద నీరై కూర్చుంటుంది. ఆ తర్వాత బయటిగోడకి ఆనుకోని బీరువాలో, సిలికాజెల్ పొట్లాలతో పెట్టండి. ఈశాన్య రుతుపవనాల మూడు నెలలూ ఆ పొట్లాలు మారుస్తుండాలి.

స్కానింగుకి 400 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. పంచుకోవడానికి జేపెగ్ వేరే తీసుకోండి. నూనె పట్టిన పేజీలో వెనకవైపు అక్షరాలు ముందుకి కనబడుతుంటాయి. ఆ పేజీ కింద నల్ల చార్టు ముక్క పెట్టి స్కాన్ చేస్తే చాలావరకు పోతుంది. ఫోన్‌లోని స్కానర్ యాప్‌లు తెలుపు పెంచేస్తాయి కాబట్టి పెన్సిల్ రాత ఎగిరిపోతుంది. అందుకే పెన్సిల్ పేజీలు యాప్‌తో తీయొద్దు. మొత్తం మూడు కాపీలు పెట్టుకోండి, ఒకటి వేరే ఊళ్లో అక్కగారి దగ్గరో ఎవరి దగ్గరో ఉండాలి.

క్యాసెట్లు. బూజు పట్టినదాన్ని మంచి డెక్కులో (టేపు ప్లేయరులో) పెట్టొద్దు. ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. దాన్ని విడిగా ఉంచి చివర్న, అలవాటున్న మనిషి చేత చేయించండి. మిగతావాటికి ముందు పైన ఉన్న రెండు రికార్డింగు చెవులు విరిచేయండి, పొరపాటున చెరిగిపోదు. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి, అతుక్కున్న చుట్లు విడతాయి. శబ్దం మందగిస్తుంటే లోపల టేపుని హెడ్‌కి నొక్కే చిన్న స్పంజు మెత్త ఊడిందేమో చూడండి. మరలున్న క్యాసెట్ అయితే విప్పి, టేపుని మంచి ఖాళీ పెట్టెలోకి మార్చొచ్చు. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం వద్దు. డెక్కు లైన్ అవుట్ నుంచి కంప్యూటరుకి లైన్ ఇన్ తీగ వేయండి. తీగలు, యూఎస్‌బీ సౌండ్‌కార్డు రిచీ వీధిలో దొరుకుతాయి. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఎంపీత్రీ తర్వాత చేసుకోవచ్చు. గొంతు సన్నగానో బొంగురుగానో వినబడితే టేపు వేగం తేడా ఉన్నట్టు. కరెంటు మీద నడిచిన టేప్‌రికార్డర్‌తో రికార్డు చేసి ఉంటే అడుగున సన్నని గుర్రుమనే చప్పుడు ఉంటుంది. కంప్యూటరులో ఆడియో సాఫ్ట్‌వేర్ గ్రాఫులో చూస్తే అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 48 దగ్గర కనబడితే వేగం నాలుగు శాతం పెంచండి, అమ్మగారి అసలు శ్రుతి వస్తుంది. బ్యాటరీతో చేసినవాటికి ఇది పనిచేయదు. అప్పుడు నాన్నగారి చెవే ప్రమాణం.

పాటల మధ్యలో దగ్గు, "ఆ ఫ్యాను ఆపరా" లాంటి మాటలు ఉంటే కత్తిరించకండి. వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా ఈ వారమే కాపీ చేసుకోండి. ఫోన్ మారిస్తే ముందు పోయేవి అవే.

బాపట్ల_పెరంబూరు:

టేపుపెట్టె గారూ, అచ్చుగది గారూ, చాలా సంతోషం అండి. ఖాళీ గడుల ఆలోచన మాకు రానేలేదు.

ఇంకో సందేహం. నోటుబుక్కులో "చలిమిడి: తవ్వ బియ్యం, సోలన్నర బెల్లం తురుము, పాకం చూసుకోవాలి" అని ఉంది. ఈ తరం పిల్లలు చేసుకునేలా దీన్ని ఎలా వేయాలి? రామకోటి, తిథి విషయాలు కూడా తెలిసినవారు చెప్పగలరు.

వంటసాల:

ముందు ఆవిడ రాసింది రాసినట్టే వేసి, దాని కింద మీ వివరణ ఇవ్వండి. రెంటినీ కలిపేయకండి.

రెండు సోలలు ఒక తవ్వ, నాలుగు గిద్దలు ఒక సోల. అయితే ఊరికీ ఇంటికీ గిన్నె తేడా ఉంటుంది. పుస్తకాల్లో లెక్క చూడకండి, ఆవిడ వాడిన సోలే తీయండి. వంటింటి కాటా మీద పెట్టి అంచుదాకా నీళ్లు పోయండి, ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు. అదే సోలతో బియ్యం కొలిచి తూకం వేయండి, బెల్లం తురుమునీ వేయండి. బియ్యం అంచుకి చదునుగా కొలిచేదా, గోపురంగా పోసేదా, ఇది నాన్నగారికో అక్కగారికో తెలిసి ఉంటుంది. తేడా చిన్నది కాదు. మామూలుగా పాకం చలిమిడికి కిలో బియ్యానికి అరకిలో నుంచి ముప్పావుకిలో బెల్లం పడుతుంది. మీ తూకం దీనికి మరీ దూరంగా ఉంటే కొలత మళ్లీ చూడండి.

"పాకం చూసుకోవాలి" అన్న చోటే మొత్తం వంట ఉంది. బియ్యం రాత్రంతా నానాలి. వడకట్టి, నీడలో గుడ్డ మీద అరగంట ఆరబెట్టాలి. చేతికి తడి తెలియాలి, నీళ్లు అంటకూడదు. పిండి పట్టించి, జల్లించి, ఆరిపోకుండా గిన్నెలో నొక్కి తడిగుడ్డ కప్పాలి. కొట్లో పొడి బియ్యప్పిండి పనికిరాదు, పాకంలో తడంతా పీల్చేసి చలిమిడి పగుళ్లిస్తుంది. బెల్లం కొద్ది నీళ్లతో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. పళ్లెంలో నీళ్లు పోసుకుని బొట్టు వేస్తే, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవ్వాలి. జారిపోతుంటే లేతపాకం, చలిమిడి గట్టిపడదు, తొందరగా పులుస్తుంది. పళ్లేనికి కొడితే ఠంగుమంటే ముదిరింది, మర్నాటికి రాయి అవుతుంది. ఉండపాకం రాగానే పొయ్యి కట్టేసి, అప్పుడు పిండి కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పాలి. నెయ్యి, యాలకులపొడి, కొబ్బరిముక్కలు, గసగసాలు చివర్న. పూజలో పెట్టే పచ్చి చలిమిడి వేరు, దానికి పాకమే ఉండదు. నోటుబుక్కులో ఏది ఏ వ్రతం పక్కన రాసి ఉందో చూసి పేరు పెట్టండి.

చాంద్రమానం:

తిథి విషయం అన్నిటికంటే అవసరం, ఇది ముందు చూసుకోండి. చెన్నైలో తమిళ పురోహితులు సౌరమాసం ప్రకారం తిథి చూస్తారు. మన తెలుగువాళ్లది చాంద్రమానం. మీ అమ్మగారు పోయిన రోజు 2025 నవంబరు రెండో వారంలో పడుతుంది. తమిళ లెక్కలో అది ఇంకా ఐప్పశి మాసం. ఆ ప్రకారం ఐప్పశి బహుళ పంచమి చూస్తే 2026 అక్టోబరు ఆఖరుకి వచ్చేస్తుంది. మన కార్తీక బహుళ పంచమి నవంబరు ఆఖరుకి వస్తుంది. నెల రోజులు తేడా! పురోహితుడికి "ఫలానా తారీఖు" అనకుండా "చాంద్రమానం, కార్తీకం, బహుళ పంచమి" అని చెప్పండి. పుస్తకం అచ్చుకిచ్చే గడువు కూడా దీన్ని బట్టే పెట్టుకోవాలి.

ఈ పరాభవ సంవత్సరంలో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అందుకే మీకు ఏడాది పదమూడు చాంద్రమాసాలవుతుంది, మాసికం ఒకటి పెరుగుతుంది. మామూలు ఏడాదిలో తిథి పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, అధికమాసం వస్తే ఇలా వెనక్కి వెళుతుంది.

క్యాలెండరులో తేదీ పక్కన వేసేది సూర్యోదయం నాటి తిథి. ఆబ్దికానికి చూడాల్సింది అపరాహ్ణం. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది. ఆరు నుంచి ఆరు పగలనుకుంటే మధ్యాహ్నం 1.12 నుంచి 3.36 వరకు. ఆ వేళకి పంచమి ఏ రోజు ఉందో ఆ రోజు. ఫోన్ పంచాంగంలో ఊరు చెన్నై అని పెట్టి ఉందో లేదో చూడండి.

నాన్నగారు ఉన్నారు కాబట్టి మహాలయంలో అవిధవా నవమి, అంటే భాద్రపద బహుళ నవమి, అమ్మగారిది. అయితే సంవత్సరీకం లోపు ఈ ఏడాది పెట్టొచ్చా లేదా అన్నది ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది, మీ బాపట్ల పురోహితుణ్నే అడగండి.

రామకోటి గురించి. రోజుకి వెయ్యి నామాలు రాసినా కోటికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. పూర్తికాలేదని బాధపడక్కర్లేదు. ఎన్ని రాశారో పేజీలు లెక్కవేసి ఆ అంకె వేయండి. చివరి పుస్తకాన్ని ఇంట్లో ఎవరైనా కొనసాగించాలంటే, ఆవిడ ఆగిన గడి తర్వాత కొత్త పేజీ నుంచి, తేదీ వేసి మొదలుపెట్టండి. నిండినవి భద్రాచలంలో సమర్పించే ఆనవాయితీ ఉంది. ఇచ్చేముందు ప్రతి పుస్తకం మొదటి పేజీ, చివరి పేజీ స్కాన్ చేయండి. సగంలో ఆగినది మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి.

అచ్చుగది:

అచ్చు సంగతి మిగిలిపోయింది. డెమీ 1/8 (మామూలు తెలుగు పుస్తకాల) సైజు, 64 పేజీలు పెట్టుకోండి. పేజీలు పదహారు లెక్కన ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి 64 అంటే నాలుగు ఫారాలు, కాగితం వృథా పోదు. 80 జీఎస్‌ఎమ్ (కాగితం బరువు కొలత) మ్యాప్‌లిథో రకం కాగితం చాలు, ఆర్ట్ పేపరు ఫొటోల ఎనిమిది పేజీలకే. కాగితం చూసి ఎంచుకోవాలంటే చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లండి. చదివేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ కాబట్టి అక్షరం 14 పాయింట్లు, వరసకీ వరసకీ 21 పాయింట్లు ఉండాలి. తగ్గిస్తే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. రెండువందల కాపీల లోపు అయితే డిజిటల్ ప్రింటింగే చవక.

చెన్నైలో జరిగే పొరపాటు ఒకటే. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చినదాన్ని ప్రెస్సువాళ్లు తమ పేజీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అతికిస్తారు. తెలుగు చదవలేనివాళ్లకి వత్తులు విడిపోయినా తెలియదు. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఇలా అవుతుంది. అందుకని మీరే పేజీలు కట్టి, ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వండి. ముందు ఒక్క పేజీ అచ్చు తీయించి "లక్ష్మీ, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న" సరిగా పడ్డాయో చూడండి. 'అను' అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో ఎవరైనా రాసి పంపితే ముందే యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ప్రతి అక్షరం చదవాలి.

పిన్ను కొట్టించొద్దు. చెన్నైలోనూ బాపట్లలోనూ సముద్రపు గాలికి రెండు మూడేళ్లలో తుప్పు పట్టి మధ్యపేజీ ఊడిపోతుంది. దారంతో కుట్టించండి, కాపీకి కొంచెం ఎక్కువ పడుతుంది అంతే. నవంబరు ఆఖరు అంటున్నారు కాబట్టి రాత పని సెప్టెంబరులో ఆపేయండి. అక్టోబరులో ప్రూఫు ఇద్దరు చదవాలి, ఒకరు మీ అక్కగారైతే మంచిది. నాన్నగారికి గట్టిగా చదివి వినిపించండి, పేర్లు, వరసలు తప్పుంటే ఆయనే పట్టేస్తారు. దీపావళి వారంలో ప్రెస్సులు కదలవు, అది లెక్కలో పెట్టుకోండి.